ఆగస్టు 29న ఎవరెవరిని తలుచుకోవాలి?

ఆగస్టు 29 ఉదయం ఆంధ్రప్రదేశ్‌లో చాలా బళ్ళలో ప్రార్థన కాగానే రెండు ఫొటోలకు దండలు పడతాయి. ఒకటి తెలుగు మాస్టారు తెచ్చి బల్ల మీద పెట్టింది, మరొకటి డ్రిల్లు మాస్టారు తెచ్చింది. మొదటి ఫొటోలో ఉన్నది గిడుగు వెంకట రామమూర్తి పంతులు. రెండోదాంట్లో ఉన్నది హాకీ ధ్యాన్‌చంద్. కాసేపటికి ఒక గదిలో వ్యాసరచన పోటీ మొదలవుతుంది, మైదానంలో పరుగు పందెం మొదలవుతుంది.

ఈ ఇద్దరికీ తారీఖు తప్ప వేరే పోలిక లేదు. ఒకాయన పర్లాకిమిడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకున్న పంతులు. మరొకాయన సిపాయిగా సైన్యంలో చేరి, హాకీ కర్ర పట్టి మూడు ఒలింపిక్ బంగారు పతకాలు తెచ్చినవాడు. ఒకరి పేర తెలుగు భాషా దినోత్సవం, ఇంకొకరి పేర జాతీయ క్రీడా దినోత్సవం. ఐక్యరాజ్యసమితి పట్టికలో అదే రోజు అణుపరీక్షల వ్యతిరేక దినం కూడా.

ఎవరు ఏ రోజున పుడతారన్నది ఎవరి చేతిలోనూ లేదు. ఆ రోజును పండగ చేయాలా, మామూలుగా వదిలేయాలా అన్నది మాత్రం మనుషులు కూర్చుని తేల్చుకునే సంగతి. ఒక తారీఖు కింద దేన్ని రాసుకున్నారో, దేన్ని రాసుకోలేదో చూస్తే ఆ రాసినవాళ్ళ మనసు కొంత తెలుస్తుంది. అందుకు ఆగస్టు 29ని మించిన ఉదాహరణ తేలిగ్గా దొరకదు.

అసలు ఇంగ్లీషు తేదీ పట్టుకుని పుట్టినరోజులు జరుపుకోవడం మనకు మరీ పాత అలవాటు కాదు. జాతకంలో రాసేది తిథి, వారం, నక్షత్రం. తద్దినం పెట్టేది ఈనాటికీ తిథి చూసుకునే. అన్నమయ్య వర్ధంతి ఫాల్గుణ బహుళ ద్వాదశికి వస్తుంది. తిరువయ్యూరులో త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమికి జరుగుతుంది. వాటి ఇంగ్లీషు తేదీ ఏటేటా మారిపోతుంటుంది, ఎవరికీ అది ఇబ్బందిగా అనిపించదు. బడి రిజిస్టర్లు, సర్కారు కొలువుల సర్వీసు పుస్తకాలు, గోడ క్యాలెండర్లు వచ్చాకే తేదీ మన ఇళ్ళలోకి నడిచి వచ్చింది.

ఈ లెక్కల తేడా ఒక్క మన దగ్గరే లేదు. బెంగాలీ కవి కాజీ నజ్రుల్ ఇస్లాం 1976 ఆగస్టు 29న ఢాకాలో కన్నుమూశారు. బంగ్లాదేశ్‌లో ఆయన వర్ధంతిని బెంగాలీ పంచాంగం ప్రకారం భాద్ర మాసం 12న జరుపుతారు. తర్వాత అక్కడ పంచాంగాన్ని సవరించారు కనుక ఇప్పుడది ఆగస్టు 27న పడుతోంది. స్నాపక యోహాను శిరచ్ఛేదాన్ని కతోలిక క్రైస్తవులు ఆగస్టు 29నే స్మరించుకుంటారు. పాత జూలియన్ క్యాలెండరును విడిచిపెట్టని ఆర్థొడాక్స్ చర్చీలలో అదే స్మరణ సెప్టెంబరు 11కి జరుగుతుంది. అంటే వాళ్ళకూ అది ఆగస్టు 29నే. క్యాలెండరు ఒక్కటే వేరు.

సినిమా అభిమానులకు ఈ తారీఖు అక్కినేని నాగార్జున పుట్టినరోజు (1959). పాశ్చాత్య సంగీతం వినేవాళ్ళకు మైకేల్ జాక్సన్ పుట్టినరోజు (1958). స్వీడన్ నటి ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ 1915లో ఇదే రోజున స్టాక్‌హోంలో పుట్టి, 1982లో ఇదే రోజున లండన్‌లో చనిపోయింది. ఇలాంటివి వినడానికి ముచ్చటగా ఉంటాయి. కానీ తెలుగువాళ్ళు ఆగి చూడాల్సింది 1863 దగ్గర.

ఆ ఏడాది వంశధార ఒడ్డున, శ్రీముఖలింగానికి దగ్గర్లోని పర్వతాలపేటలో గిడుగు పుట్టారు. తండ్రి వీర్రాజు తొందరగా పోవడంతో చదువుకు విజయనగరంలో మేనమామ ఇల్లే ఆధారమైంది. మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో ఆయనతోపాటు చదివిన కుర్రాడు గురజాడ అప్పారావు. తెలుగు భాష తీరును మార్చిన ఇద్దరు ఒకే బడిలో కూర్చున్నారన్నమాట. 1880లో గిడుగు పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. 1911లో ఉద్యోగం మానేదాకా ఆ ఊరే ఆయన లోకం.

ఆయనకు మొదట పట్టింది తెలుగు పిచ్చి కాదు. పక్కనున్న ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదవాలని లిపిశాస్త్రం సొంతంగా నేర్చుకున్నారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించి, పండిత పత్రికల్లో వ్యాసాలు రాశారు. ఆ తర్వాత ఆయన చూపు పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల మీదికి మళ్ళింది. అక్కడ సవరలు ఉంటారు. వాళ్ళ భాష తెలుగుకూ చుట్టం కాదు, ఒడియాకూ కాదు. సంతాలీ, ముండారీ భాషల కుటుంబానికి చెందింది. ఆ భాషకు అప్పటికి లిపి లేదు, పుస్తకం లేదు. అది వచ్చిన అధికారి లేడు. సంతలో బేరానికైనా, కచేరీలో ఫిర్యాదుకైనా సవర మనిషి మధ్యవర్తి నోటి మీద ఆధారపడాల్సిందే.

గిడుగు తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. మాటలన్నీ రాసుకున్నారు. కొండల్లో తిరిగినప్పుడు పట్టుకున్న మలేరియాకు క్వినైన్ మింగీ మింగీ చెవుడు తెచ్చుకున్నారు. భాష కోసం చెవులు పోగొట్టుకున్న మనిషి ఆ తర్వాత కూడా ముప్పై ఏళ్ళు భాష గురించే వాదించారు. ఇది చదివిన ప్రతిసారీ ఎవరికైనా గుండె బరువెక్కుతుంది. సవర పిల్లల కోసం వాచకాలు రాశారు. సొంత ఖర్చుతో బళ్ళు పెట్టారు, సవర కుర్రాళ్ళకు ఇంట్లో అన్నం పెట్టి చదివించారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే ఆ సొమ్ముతో సవరలకు బడి నడపమని అడిగారని చెబుతారు. సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ మద్రాసు ప్రభుత్వ ముద్రణలో వెలువడ్డాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు 75 ఏళ్ళు.

వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటాన్ని ఈ సవర పని నుంచి విడదీసి చూస్తే సగమే అర్థమవుతుంది. లిపి కూడా లేని భాషను మనుషుల నోటి నుంచి విని నేర్చుకున్న వ్యక్తికి, భాష అంటే ముందు మాట్లాడేదేనని ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. 1907 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా జె.ఎ. యేట్స్ వచ్చారు. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఒకటి ఎందుకని ఆయనకు సందేహం వచ్చింది. విశాఖపట్నం మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు ఆ సందేహాన్ని అందుకున్నారు. ఉద్యమం అలా రాజుకుంది.

గొడవ వచ్చింది బడి పరీక్షల దగ్గర. "వచ్చుచున్నాడు" అని రాయాల్సిన చోట పిల్లవాడు "వస్తున్నాడు" అని రాస్తే మార్కు వేయాలా, కొట్టేయాలా? ఇప్పుడు ఇది ప్రశ్నేనా అనిపిస్తుంది. 1910 తర్వాత మద్రాసులో దీని మీద సభలు జరిగాయి, విన్నపాలు వెళ్ళాయి, కమిటీలు కూర్చున్నాయి. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులు గ్రాంథికం వైపు గట్టిగా నిలిచారు. వాళ్ళను మూర్ఖులని కొట్టిపారేయడం న్యాయం కాదు. వాడుకభాషకు దారి ఇస్తే నన్నయ నుంచి వచ్చిన సాహిత్యం రేపటి పిల్లలకు అర్థం కాకుండా పోతుందన్నది వాళ్ళ భయం. అది నిజమైన భయమే. 1914లో విశ్వవిద్యాలయ కమిటీలో గురజాడ తన అసమ్మతి పత్రం సమర్పించారు. కమిటీ మాత్రం గ్రాంథికం వైపే మొగ్గింది. మరుసటి ఏడాది నవంబరులో గురజాడ పోయారు. అప్పటినుంచి బరువంతా గిడుగు భుజాల మీదే పడింది.

గిడుగు వాదన తీరు చాలా ప్రత్యేకం. ఆయన ఆవేశపడి ఊరుకోలేదు, సాక్ష్యాలు పోగేశారు. పాత వచనం, వ్యాఖ్యానాలు, శాసనాలు, తాళపత్రాలు తిరగేసి, వాడుక రూపాలు వందల ఏళ్ళుగా రాతలో ఉన్నాయని చూపించారు. గ్రాంథికం తప్ప రాయకూడదన్న పండితుల పుస్తకాలే తీసి, చిన్నయసూరి వ్యాకరణం ప్రకారం వాటిలో ఎన్ని తప్పులున్నాయో వరసగా రాశారు. మీకే చేతకాని భాషలో పిల్లలు పరీక్షలు రాయాలని ఎలా అంటారన్నది ఆయన ప్రశ్న. సభలకు పుస్తకాల మూటతో వెళ్ళేవారు. 'గద్య చింతామణి', 'బాలకవి శరణ్యం', 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' అలా పుట్టినవే. 1919లో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడి, కందుకూరి వీరేశలింగం దానికి అధ్యక్షులయ్యారు. ఆయన ఆ మే నెలలోనే చనిపోయారు. అదే ఏడాది గిడుగు 'తెలుగు' అనే మాసపత్రిక నడిపారు. తర్వాత శిష్యుడు తాపీ ధర్మారావు 'జనవాణి' పత్రికను వాడుకభాషలో తెచ్చి, గురువు మాటను రోజూ చదివే కాగితం మీద పెట్టారు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది. పర్లాకిమిడి అటు వెళ్ళింది. అలా చేరడాన్ని మొదటినుంచీ వ్యతిరేకించిన గిడుగు, యాభై ఏళ్ళకు పైగా బతికిన ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. అప్పటికి ఆయన వయసు 72. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు. బడి పుస్తకాల్లో వాడుకభాష స్థిరపడడం చూడకుండానే వెళ్ళిపోయారు. ఈ వ్యాసం రాస్తున్న భాషా, మీరు చదువుతున్న భాషా ఆయన పెట్టిన భిక్షే.

పిల్లలకు తెలిసిన మాటల్లో చెప్పాలన్న ఈ పంతం ఎంత దూరం పోతుందో చూపే సంగతి ఒకటి ఇదే తారీఖున ఉంది. గిడుగు పుట్టడానికి సరిగ్గా 32 ఏళ్ళ ముందు, 1831 ఆగస్టు 29న, లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయోగశాలలో మైకేల్ ఫారడే ఒక ఇనుప కడియం ముందు కూర్చున్నాడు. దాని అడ్డుకొలత ఆరంగుళాలు. ఒక పక్క రాగితీగ చుట్టలు, ఇంకో పక్క వేరే తీగ చుట్టలు. రెండూ ఒకదాన్నొకటి తాకవు. ఒక చుట్టను బ్యాటరీకి కలిపాడు. రెండోదాని కొసలను అయస్కాంత సూది మీదుగా పోనిచ్చాడు. బ్యాటరీ తగిలించగానే సూది అదిరి, ఊగి, మళ్ళీ ఎప్పటిచోట నిలబడింది. తీసేయగానే మళ్ళీ అదిరింది. బ్యాటరీ కలిపి ఉంచినంతసేపూ ఏమీ లేదు. కలిపేటప్పుడు, విడదీసేటప్పుడు మాత్రమే కదలిక. విద్యుదయస్కాంత ప్రేరణ మనిషి కంట పడింది అక్కడే. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసేది ఈ సూత్రం మీదే.

ఫారడే కమ్మరి కొడుకు. పెద్ద చదువులు లేవు. పుస్తకాలు బైండింగు చేసే కొట్లో పనికి కుదిరి, బైండింగుకు వచ్చిన పుస్తకాలు చదువుకున్నాడు. వాటిలో ఒకటి జేన్ మార్సెట్ అనే ఆవిడ రాసిన రసాయనశాస్త్రం పుస్తకం. ఒక పంతులమ్మా ఇద్దరు అమ్మాయిలూ మాట్లాడుకుంటున్నట్టు, మామూలు మాటల్లో రాసింది. తనను విజ్ఞానం వైపు తిప్పింది ఆ పుస్తకమేనని ఫారడే పెద్దవాడయ్యాక కూడా కృతజ్ఞతతో చెప్పుకున్నాడు. ఆ పుస్తకం లాటిన్‌లో ఉండి ఉంటే ఆ కుర్రాడికి దాన్ని బైండింగు చేయడం తప్ప వేరే పని ఉండేది కాదు. అయినా ఆ ఇనుప కడియం పేర ఏ దినోత్సవమూ లేదు.

ధ్యాన్‌చంద్ సంగతి అలా కాదు. ఆయనకు దినోత్సవం ఉంది, కానీ ఆలస్యంగా వచ్చింది. 1905 ఆగస్టు 29న అలహాబాదులో పుట్టి, ఝాన్సీలో పెరిగి, 1922లో సైన్యంలో చేరారు. హాకీ అక్కడే పట్టుబడింది. 1928 ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌లో భారత జట్టు 29 గోల్స్ చేసి, ఒక్కటీ చేయించుకోకుండా గెలిచింది. అందులో 14 ధ్యాన్‌చంద్‌వి. 1932 లాస్ ఏంజెలెస్‌లో అమెరికా మీద 24-1 స్కోరు. ఆ ఆటలో తమ్ముడు రూప్‌సింగ్ 10, అన్న 8 గోల్స్ కొట్టారు.

మూడో ఒలింపిక్స్ బెర్లిన్‌లో. ఈసారి ఆయనే కెప్టెన్. అసలు పోటీలకు ముందు ఆడిన ఆటలో జర్మనీ 4-1తో ఓడించేసరికి జట్టు బెంబేలెత్తింది. ఎ.ఐ.ఎస్. దారాను ఉన్నపళంగా ఇండియా నుంచి రప్పించారు. చివరికి అదే జర్మనీతో ఫైనల్. ఆగస్టు 14న జరగాల్సింది వానకు ఆగి, మరునాటికి పడింది. 15వ తేదీ ఉదయం డ్రెస్సింగ్ రూంలో మేనేజరు పంకజ్ గుప్తా కాంగ్రెసు త్రివర్ణ పతాకం బయటికి తీశారు. ఆటగాళ్ళంతా దానికి వందనం చేశారు. బయట మైదానంలో వాళ్ళు ఆడాల్సింది మాత్రం బ్రిటిష్ ఇండియా జెండా కింద. అర్ధభాగం ముగిసేసరికి స్కోరు 1-0. చిత్తడి నేల మీద ముళ్ళ బూట్లు అడ్డం వస్తున్నాయని ధ్యాన్‌చంద్ వాటిని విడిచేసి ఆడారని చెబుతారు. ఆట ముగిసేసరికి 8-1. ఆ ఒలింపిక్స్ మొత్తంలో భారత్ చేయించుకున్న గోల్ అదొక్కటే. సరిగ్గా 11 ఏళ్ళ తర్వాత అదే ఆగస్టు 15న ఆ త్రివర్ణమే, నడుమ రాట్నం బదులు అశోక చక్రంతో, దేశపు జెండాగా ఎగిరింది. హిట్లర్ ఆయనకు జర్మన్ సైన్యంలో పదవి ఇవ్వజూపాడన్న కథ ఊరూరా వినిపిస్తుంది. దానికి గట్టి ఆధారం లేదు. డ్రెస్సింగ్ రూం సంగతి ఉండగా ఆ కథ అవసరమూ లేదు.

ఆయన ఆత్మకథ 'గోల్' 1952లో మద్రాసు నుంచి అచ్చయింది. 1956లో మేజరుగా పదవీ విరమణ చేశారు. అదే ఏడాది పద్మభూషణ్ వచ్చింది. చివరి రోజులు ఇబ్బందుల్లో గడిచాయి. 1979 డిసెంబరు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో ప్రాణం పోయింది. ఆయన పుట్టినరోజును జాతీయ క్రీడా దినోత్సవంగా జరపడం మొదలైంది 2012లో. అత్యున్నత క్రీడా పురస్కారానికి ఆయన పేరు పెట్టింది 2021లో. ఆగస్టు 29న రాష్ట్రపతి భవన్‌లో క్రీడా పురస్కారాలిచ్చే ఒకప్పటి ఆనవాయితీ వల్ల ఈ తారీఖు తెలుగు ఇళ్ళలోకి ఇంకో దారిలో వచ్చింది. 2016లో రియో రజతం తెచ్చిన పది రోజులకే పి.వి. సింధు ఖేల్‌రత్న అందుకున్నది ఆ రోజునే.

ఇక్కడిదాకా చెప్పినవి కాకతాళీయాలు. కజకిస్తాన్‌లో మాత్రం ఈ తారీఖు వెనక నలభై రెండేళ్ళ కథ ఉంది. 1949 ఆగస్టు 29 ఉదయం ఏడు గంటలకు సెమిపలాటిన్స్క్ దగ్గరి గడ్డి మైదానంలో సోవియట్ యూనియన్ తన మొదటి అణుబాంబు పేల్చింది. దాని శక్తి సుమారు 22 కిలోటన్నులు. నాగసాకి మీద వేసిన బాంబు నమూనాలోదే. శాస్త్రవేత్తల పెద్ద ఇగోర్ కుర్చాతోవ్. వాళ్ళ నెత్తి మీద కూర్చున్నది రహస్య పోలీసు మాజీ అధిపతి బెరియా. చుట్టుపక్కల పల్లెలవాళ్ళకు ఏం జరుగుతోందో ఎవరూ చెప్పలేదు. 1989 వరకు అక్కడ 456 పరీక్షలు జరిగాయి. మొదట గాలిలో, నేల మీద, తర్వాత నేల లోపల. గడ్డి మేసిన గొర్రెలు, వాటి పాలు తాగిన మనుషులు, వాళ్ళకు పుట్టిన పిల్లలు దాని మూల్యం చెల్లించారు.

ఎదురు తిరిగింది ఒక కవి. ఆయన పేరు ఒల్జాస్ సులేమెనోవ్. 1989 ఫిబ్రవరిలో భూగర్భ పరీక్షల నుంచి విషవాయువులు బయటికి పొక్కిన సంగతి తెలిసి, టీవీలో కవిత చదవాల్సిన సమయంలో ఆయన కవిత పక్కన పెట్టి ఆ సంగతి చెప్పేశారు. రచయితల సంఘం ముంగిట జనం పోగయ్యారు. 'నెవాడా-సెమిపలాటిన్స్క్' ఉద్యమం అలా పుట్టింది. ఆ పేరులోనే అమెరికా పరీక్షల స్థలమూ ఉంది, ఇటు జనమూ అటు జనమూ పడుతున్న బాధ ఒకటేనని చెప్పడానికి. 1991లో మైదానాన్ని మూసేస్తూ ఉత్తర్వు వచ్చింది. మొదటి బాంబు పేలిన ఆగస్టు 29నే ఆ సంతకం జరిగింది. 2009 డిసెంబరులో కజకిస్తాన్ చొరవతో ఐక్యరాజ్యసమితి దాన్ని అంతర్జాతీయ దినంగా ప్రకటించింది. మన దేశంలో మే 11ని జాతీయ సాంకేతిక దినోత్సవంగా జరుపుతారు. అది 1998 పోఖ్రాన్ అణుపరీక్షల రోజు. ఒకే పనిని రెండు దేశాలు రెండు తారీఖుల కింద ఎంత వేరుగా గుర్తుపెట్టుకున్నాయో ఆ రెండు రోజులు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇన్ని దినోత్సవాల మధ్య మనం పూర్తిగా వదిలేసిన ఆగస్టు 29 ఒకటుంది. అది 1947 నాటిది. స్వాతంత్ర్యం వచ్చి రెండు వారాలైంది. ఆ రోజు రాజ్యాంగ సభ ఏడుగురితో ముసాయిదా కమిటీ వేసింది. మర్నాడే వాళ్ళు సమావేశమై డాక్టర్ అంబేద్కర్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. జనవరి 26 మనకు గణతంత్ర దినం. నవంబరు 26 కూడా 2015 నుంచి రాజ్యాంగ దినోత్సవం. పని ముగిసిన రోజులకు రెండు పండగలు, పని అప్పగించిన రోజుకు ఒక్కటీ లేదు.

ఆ ఏడుగురిలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ నెల్లూరు జిల్లా పుదూరులో గుడి పూజారి కొడుకు. మద్రాసు అడ్వొకేట్ జనరల్‌గా చేశారు. కమిటీలో తనకన్నా పెద్దవాళ్ళూ సమర్థులూ ఉన్నారని అంబేద్కర్ 1949 నవంబరు 25 ప్రసంగంలో చెబుతూ ఉదాహరణగా తీసుకున్న పేరు అల్లాడిదే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రెండు రోజులకు, 1953 అక్టోబరు 3న, ఆయన చనిపోయారు. తర్వాత ఖాళీ అయిన ఒక స్థానంలోకి వచ్చిన ఎన్. మాధవరావు మచిలీపట్నంలో పుట్టి మైసూరు దివానుగా పనిచేసినవారు. కమిటీ 141 రోజులు కూర్చుంది. ఒకరు రాజీనామా చేశారు, ఒకరు చనిపోయారు, కొందరు ఆరోగ్యం వల్లనో వేరే పనుల వల్లనో ఢిల్లీకి దూరమయ్యారు. చివరికి భారమంతా అంబేద్కర్ ఒక్కడి మీదే పడిందని అదే కమిటీ సభ్యుడు టి.టి. కృష్ణమాచారి సభలోనే ఒప్పుకున్నారు.

గిడుగు చనిపోయి అప్పటికి ఏడేళ్ళు. కానీ ఆయన జీవితమంతా అడిగిన ప్రశ్న ఆ కమిటీ ముందుకూ వచ్చింది. ఈ దేశంలో ఎవరి భాషకు ఎంత చోటు? కమిటీలో ఇద్దరు సభ్యులు, కె.ఎం. మున్షీ, గోపాలస్వామి అయ్యంగార్, కుదిర్చిన రాజీ 1949 సెప్టెంబరు 14న ఆమోదం పొందింది. ఎనిమిదో షెడ్యూలులో మొదట 14 భాషలు చేరాయి. తెలుగు అందులో ఉంది. సవర లేదు. మాతృభాషలో ప్రాథమిక విద్య అందేలా చూడాలన్న 350-ఎ అధికరణం 1956లో ఏడో సవరణతో వచ్చింది. అంతకు అరవై ఏళ్ళ ముందే పర్లాకిమిడి పంతులు ఇంటి డబ్బుతో ఆ పని మొదలుపెట్టాడు. 2003 నాటి సవరణతో షెడ్యూలులోని భాషలు 22 అయినప్పుడు, సవరకు చుట్టమైన సంతాలీ లోపలికి వచ్చింది. నాలుగు లక్షల పైచిలుకు మంది మాట్లాడే సవర ఇంకా బయటే ఉంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు తయారుచేయించినప్పుడు వాటిలో సవర ఒకటైంది. ఆ పుస్తకాలు తెలుగు లిపిలో ఉన్నాయి. 1936లో గీసిన సరిహద్దుకు అవతల, గజపతి జిల్లాలో, అదే భాషను ఒడియా లిపిలో రాస్తారు. సవర కోసమే మంగేయి గొమాంగో అదే 1936లో తయారుచేసిన సొరంగ్ సొంపెంగ్ లిపిలోనూ రాస్తారు. ఇటు పిల్లవాడు రాసిన సవర ఉత్తరాన్ని అటు పిల్లవాడు చదవలేడు. గిడుగు పుట్టినరోజున శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో సవర పిల్లలకు తెలుగులో వ్యాసరచన పోటీ పెడుతున్నవాళ్ళు సవరలోనూ ఒకటి పెట్టవచ్చు. దిద్దడానికి ఆ భాష వచ్చిన ఉపాధ్యాయులు కావాలి. వాళ్ళను సవర ఊళ్ళ నుంచే తీసుకుని, ఆ బళ్ళలోనే ఉంచాలి.